బొంత మూలన ఒక పేరు

బొంతకు కొత్త గుడ్డ పనికిరాదు. ఏళ్ల తరబడి ఉతికి, పిండి, ఎండకు ఆరేసి, గంజి పూర్తిగా వదిలిపోయిన నూలు చీరైతేనే సూదికి దారి ఇస్తుంది, ఒంటికి మెత్తగా తగులుతుంది. "కొత్త గుడ్డకు పొగరుంటది బిడ్డా, సూదిని దిగనియ్యది" అనేది మా చిన్నమ్మ. నల్లగొండ జిల్లాలో మూసీ ఒడ్డు పల్లె ఆమెది. యాసంగి వడ్లు ఇల్లు చేరి చేతులు కాస్త ఖాళీ అయ్యాక, ఎండాకాలం మధ్యాహ్నాలు వాడకట్టు ఆడవాళ్లంతా వేపచెట్టు కింద చేరి బొంతలు కుట్టేవాళ్లు. చలికాలం కప్పుకునేదాన్ని ఎండాకాలంలోనే కుట్టుకోవాలి. పొద్దు పెద్దగా ఉండేది అప్పుడే. ఉతికిన పాత చీరలు గంటలో ఆరేదీ అప్పుడే.

ఆ పని చూడనివాళ్లు బొంతంటే నాలుగు పాత గుడ్డలు కలిపి కుట్టడమే అనుకుంటారు. అంత తేలిగ్గా అయ్యే పని కాదది. అడుగున, ఉన్నవాటిలో గట్టి చీర పరుస్తారు. నడుమ పొరల్లోకి చిరిగిన ధోవతులు, లుంగీలు, జాకెట్ ముక్కలు, పిల్లలకు పొట్టివైపోయిన లాగులు పోతాయి. ఎక్కడ పలచన ఉందో అరచేత్తో తడిమి చూసి అక్కడ ఇంకో ముక్క వేస్తారు. పైకి మాత్రం కాస్త కళ ఉన్న చీర తీస్తారు. లేదంటే రంగులు చూసుకుని ముక్కలు అతికిన పొర వేస్తారు. నాలుగు మూలలా రాళ్లు పెట్టి, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని లాగి పట్టి, ముడతలు పోయేలా రుద్ది, ముందు పెద్ద పెద్ద కచ్చాకుట్లు వేస్తారు. ఇంతవరకూ జరిగింది బొంత పరచడమే. అసలు కుట్టు అంచు దగ్గర మొదలవుతుంది. చుట్టూ ఒక వరస, దాని లోపల ఇంకో వరస, అలా నడిమికి వస్తారు.

కుట్టేటప్పుడు కుడిచెయ్యి పైన కనబడుతుంది గానీ తెలివంతా ఎడమచేతిదే. అది బొంత కింద ఉండి, సూది మొన అన్ని పొరలూ దాటి వచ్చిందో లేదో చూపుడువేలి కొనతో కనిపెడుతుంది. మా చిన్నమ్మ ఆ వేలికి పాత గుడ్డ పీలిక చుట్టుకునేది. అయినా వేలి కొన గరుకు తేలి, సన్నని చుక్కలు పడి ఉండేది. పై పొరను మాత్రమే పట్టిన కుట్టును ఆమె కుట్టుగా ఒప్పుకునేది కాదు. అలాంటి బొంత మొదటి ఉతుకులోనే లోపల ముద్దకట్టి, ఒక పక్క బరువుగా, ఒక పక్క బోలుగా తయారవుతుంది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు పొద్దంతా కుట్టింది చూసి, ఏమీ అనకుండా సగం విప్పేసి మళ్లీ వాళ్ల చేతికే సూది ఇచ్చేది.

ఇప్పటికీ ఆ బొంతల్లో ఎవరు ఏ పక్క కూర్చున్నారో చెప్పొచ్చు. చిన్నమ్మ కుట్లు బియ్యపు గింజంత. ఎదురింటి పెద్దక్క కుట్లు పొడుగ్గా, కొంచెం ఏటవాలుగా ఉంటాయి. రెండు వరసలూ కలిసిన చోట సూది మారినట్టు స్పష్టంగా తెలుస్తుంది. ఆ కుట్ల మీదుగా ఎన్ని మాటలు నడిచాయో! పెళ్లి సంబంధాలు, పాలివాళ్ల తగాదాలు, చిట్టీల లెక్కలు, ఎవరి బిడ్డ పురిటికి వచ్చింది, ఎవరి అల్లుడు అలిగి పోయాడు. మగవాళ్లు రచ్చబండ దగ్గర చెప్పుకునే మాటలకు ఊళ్లో ఉన్న విలువ ఈ మాటలకు లేకపోయింది. కానీ కష్టంలో ఉన్న ఇంటికి బియ్యం పంపాలన్న నిర్ణయాలు నేను చూసినంతలో బొంత చుట్టూనే జరిగాయి.

మన దగ్గర పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచుకోరు. చాకలివాళ్లకు ఇచ్చేస్తారు, లేదా నీళ్లలో వదిలేస్తారు. అమ్మమ్మ చీర ఒక్కటే ఆ లెక్కకు లొంగదు. అది ఎలాగో దాటుకుని వచ్చి మనవడి పక్కబొంతలో చేరుతుంది. ఇలా పోయినవాళ్ల బట్ట బొంతలో చేరిన కథ దూరదేశంలోనూ ఉంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. నది మూడు వైపులా చుట్టుకున్న ఆ ఊళ్లో ఉండేది ఎక్కువగా నల్లజాతివాళ్లు, ఒకప్పటి పత్తి తోటల బానిసల సంతతి. అక్కడ మిస్సౌరీ పెట్వే అనే ఆమె 1942లో, భర్త చనిపోయాక, అతను పొలం పనికి వేసుకున్న బట్టలన్నీ చింపి బొంత కుట్టింది. కూతురు ఆర్లోంజియా పక్కన ఉండి సాయం చేసింది. ప్యాంట్ల మోకాళ్ల దగ్గర వెలిసిన రంగు, అరిగిన నూలు అలాగే కనబడతాయి. దుఃఖాన్ని కప్పుకుని పడుకోవడానికి ఆమె చేసుకున్న ఏర్పాటది. ఇప్పుడది వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది.

ఆ ఊరి కథ ఇంకొంచెం చెప్పాలి. నల్లవాళ్లు ఓటు నమోదు కోసం ఏరు దాటి పోతున్న రోజుల్లో, 1962లో, జీస్ బెండ్‌కు పడవ ఆగిపోయింది. తిరిగి వచ్చింది 2006లో. ఆ నడుమ, 1966లో, ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ పేరుతో సహకార సంఘం పెట్టుకుని బొంతలు కుట్టి అమ్మారు. పౌరహక్కుల పోరాటంలో ఉన్న కుటుంబాలకు చేతికి నాలుగు డబ్బులు అలా వచ్చాయి. 2002లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం గోడల మీద జీస్ బెండ్ బొంతలు వేలాడాయి, 2006లో తపాలా బిళ్లల మీదికెక్కాయి. నాకు అన్నింటికన్నా ముఖ్యంగా తోచేది ఒకటుంది. ప్రతి బొంత పక్కనా కుట్టిన మనిషి పేరు ఉంది. మేరీ లీ బెండాల్ఫ్, లొరెట్టా పెట్వే, ఆనీ మే యంగ్. చిత్రకారుల పేర్లు రాసినట్టే రాశారు.

దూరం పోనక్కర్లేదు. మన పొరుగున ఉత్తర కన్నడ జిల్లాలో, యల్లాపుర, హళియాళ అడవి పల్లెల్లో సిద్దీలున్నారు. ఆఫ్రికా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల వారసులు. వాళ్లు కుట్టే కవంది అనే బొంతను చూస్తే మా చిన్నమ్మ తనదే అనుకునేది. అదీ అంచు నుంచి మొదలై చుట్టూ తిరుగుతూ నడిమికి వచ్చేదే. చివర నాలుగు మూలలా గుడ్డను మడతలు పెట్టి కుట్టిన చిన్న పువ్వులు పెడతారు. ఆ పువ్వులు పెట్టందే కవంది పూర్తయినట్టు కాదు. బిహార్ సుజని కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. బెంగాల్ కాంథా సంగతి చెప్పనే అక్కర్లేదు. మన పోచంపల్లికీ, కలంకారీకీ ఆ గుర్తింపు ఉంది, ఉండాల్సిందే. కానీ అవి అమ్మకానికి తయారయ్యేవి. మన బొంత ఇంట్లోవాళ్ల కోసం కుట్టేది కాబట్టి దాన్ని ఎవరూ కళ కింద లెక్కెయ్యలేదు. ఇంట్లో ఆడది చేసే ఏ పనికైనా జరిగేది ఇదే.

డబ్బు దగ్గరికి వచ్చినా అంతే. పట్నంలో రోడ్డు పక్క చెట్టు నీడన కూర్చుని, మనం ఇచ్చిన చీరలతో బొంతలు కుట్టిచ్చే ఆడవాళ్లు కనబడుతుంటారు. ఒకామె దగ్గర ఆగి చూశాను. రోజంతా వంగి కుడితే నడుము పట్టేసిందని నిలబడి ఒళ్లు విరుచుకుంటోంది. కారు దిగిన మనిషి ఆమె చెప్పిన కూలిలో సగానికి బేరం మొదలుపెట్టాడు. అదే బొంతకు కాగితం బిళ్ల కట్టి అద్దాల దుకాణంలో పెడితే మారు మాట్లాడకుండా కొంటాం. ఇది అన్యాయం. సూది పని చేసే చేతిదగ్గర బేరం ఆడకూడదని నా గట్టి అభిప్రాయం. ఆమె కష్టం ఇంకోటి కూడా చెప్పింది. ఇప్పుడు ఇళ్లలో నుంచి వచ్చేవన్నీ సింథటిక్ చీరలేనట. ఒకదాని మీద ఒకటి జారిపోతాయి, కుట్టు నిలవదు, చెమట పీల్చవు. "నూలు చీర ఒక్కటన్నా కలపండమ్మా" అని బతిమాలుకుంటోంది.

ఇలాగే సగం ధరకు చేతులు మారిన బొంత కథ ఒకటుంది. హారియెట్ పవర్స్ అనే ఆమె 1837లో అమెరికాలోని జార్జియాలో బానిసగా పుట్టింది. బైబిల్ కథలను గుడ్డబొమ్మలుగా కత్తిరించి బొంత మీద కుట్టింది. 1886లో ఏథెన్స్ పట్టణంలో జరిగిన ప్రదర్శనలో దాన్ని చూసి జెన్నీ స్మిత్ అనే చిత్రకళ ఉపాధ్యాయిని కొంటానంది. హారియెట్ ఇవ్వనంది. కొన్నేళ్లకు ఇబ్బందులు ముంచుకొచ్చి తనే పట్టుకొచ్చి పది డాలర్లు అడిగింది. చేతికి వచ్చింది ఐదు. తర్వాత కూడా తన బొంతను చూసుకోవడానికి ఆ ఇంటికి వచ్చిపోయేది. ఈ రోజు అది స్మిత్సోనియన్ సంస్థ మ్యూజియంలో ఉంది. ఏ బొమ్మ ఏ కథో మనకు తెలుస్తోందంటే, అమ్మిన రోజు హారియెట్ చెప్పినదంతా జెన్నీ రాసిపెట్టుకోవడం వల్లే. ఇచ్చిన ధర తక్కువే, ఆ తప్పు తప్పే. కానీ జెన్నీ రాయకపోయి ఉంటే ఇంత కూడా మిగిలేది కాదు.

మన ఇళ్లలో ఎవరూ రాసి పెట్టలేదు. అటక మీద, ట్రంకుపెట్టెల్లో, మంచం కింద మడతపెట్టి ఉన్న బొంతల్లో ఏ చీర ఎవరిదో చెప్పగలిగేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. న్యూజెర్సీలో ఉంటున్న మా మేనకోడలు వాళ్లమ్మ నూలు చీరలు పట్టుకెళ్లి అక్కడ బొంత కుట్టించుకుంది. కుట్టినామె అడక్కుండానే వెనకవైపు మూలన చిన్న గుడ్డముక్క మీద తన పేరు, ఊరు, సంవత్సరం కుట్టి ఇచ్చిందట. అక్కడ అది మామూలు అలవాటు. మనకూ ఆ అలవాటు కావాలి.

కాబట్టి ఈ ఆదివారం మీ ఇంట్లో ఉన్న బొంత ఒక్కటి కిందికి దించండి. కుట్టినవాళ్లు ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని ఏ ముక్క ఎవరిదో అడగండి, ఫోన్లో మాట రికార్డు చేసుకోండి. లేకపోతే తెలిసినవాళ్లకు ఫోన్ చెయ్యండి. తర్వాత వెనకవైపు ఒక మూల చూసుకుని, తెల్లని నూలు ముక్క మీద, ఉతుకుల్లో రంగు పోని దారంతో వాళ్ల పేరు, ఊరి పేరు, సంవత్సరం కుట్టండి. కుట్టు వంకరగా వచ్చినా పర్వాలేదు, అక్షరాలు మాత్రం పెద్దవిగా వెయ్యండి.