రుంబాకి తల్లి లేదా?

బార్సిలోనా నగరపు రుంబా సంగీతం గురించి ఏ వ్యాసం తీసినా అందులో ఒక తగువు తప్పకుండా కనిపిస్తుంది. ఈ సంగీతానికి తండ్రి ఎవరు? గ్రాసియా పేటలో 1925లో పుట్టిన ఆంతోనియో గొన్సాలెస్ (ఊరంతా పిలిచే పేరు ఎల్ పెస్కాయియా) అని ఒక వర్గం వాదన. కాదు, 1935లో మతరో పట్టణంలో పుట్టిన పెరేత్ అని ఇంకో వర్గం. ఇద్దరూ హితానోలు, అంటే స్పెయిన్ జిప్సీలు. ఇద్దరూ గిటారు పట్టిన మగవాళ్లు. 1970లలో ఈ సంగీతానికి కొత్త ఊపు తెచ్చిన అర్జెంటీనా వలసవాసి గాతో పెరెస్‌ని కూడా కలుపుకుంటే తండ్రులు ముగ్గురవుతారు. ఇన్ని దశాబ్దాల తగువులో తల్లి ఎవరని అడిగినవాళ్లు నాకైతే కనిపించలేదు.

పాటకి తల్లేమిటి, తండ్రేమిటి అని కొట్టిపారేయొచ్చు. కానీ మగవాళ్ల విషయంలో 'తండ్రి' అనే మాటని ఏ ఇబ్బందీ లేకుండా వాడే చరిత్ర, ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి 'వేరు', 'మట్టి', 'ఆత్మ' అనే మాటల్లోకి జారుకుంటుంది. తండ్రికి పేరుంటుంది, పుట్టిన సంవత్సరం ఉంటుంది. వేరుకి అవేవీ ఉండవు. ఎప్పట్నుంచో అక్కడే ఉందంటే సరిపోతుంది.

ఓహోస్ దె బ్రుహో అనే బృందం గురించి మాట్లాడటానికి ఈ తగువు దగ్గర మొదలుపెట్టక తప్పదనిపించింది. ఆ పేరుకి 'మాంత్రికుడి కళ్లు' అని అర్థం. 1996లో బార్సిలోనాలో ఏర్పడి 2010 దశకం మొదట్లో ఆగిపోయిన ఈ బృందం ఫ్లమెంకో, కతలాన్ రుంబా, హిప్ హాప్, తబలా, రికార్డు మీద సూదిని అటూ ఇటూ గీకే డీజే చప్పుడు అన్నిటినీ ఒకచోట చేర్చింది. ముందు నిలబడి పాడిన స్త్రీ మరీనా అబాద్. 2004లో బిబిసి రేడియో 3 ప్రపంచ సంగీత అవార్డుల్లో యూరప్ విభాగపు బహుమతి వీళ్లకే వచ్చింది. అప్పటి నుంచి ఈ బృందం మీద వచ్చిన ప్రశంసలన్నీ దాదాపు ఒకే వాక్యంలా ఉంటాయి: సంప్రదాయ మూలాలకి ఆధునిక శబ్దాన్ని జోడించారు. నా పేచీ ఆ వాక్యంతోనే.

కతలాన్ రుంబా సంప్రదాయమా? దాని వయసెంతో చూడండి. 1950ల మధ్య నుంచి 60ల దాకా గ్రాసియా, ఓస్తాఫ్రాంక్స్, కర్రేర్ దె లా సేరా అనే మూడు హితానో వాడల్లో రూపం కట్టుకున్న పాట ఇది. పుట్టింది ఒక పెద్ద రేవు పట్టణంలో, రికార్డులూ రేడియోలూ మోగే కాలంలో. అందులో క్యూబా నుంచి వచ్చిన గ్వారాచా ఉంది, ఫ్లమెంకో ఉంది, కొంత రాక్ అండ్ రోల్ కూడా ఉంది. రుంబా అన్న మాటే క్యూబాలో బానిసల వారసులైన నల్లవాళ్ల ఆటపాటలది. దీని ప్రత్యేకత అని అందరూ చెప్పే గిటారు మీటు పేరు 'వెంతిలాదోర్', అంటే కరెంటు ఫ్యాను. కుడిచెయ్యి ఫ్యాను రెక్కలా తిరుగుతూ ఒకసారి తీగలనీ, ఒకసారి గిటారు చెక్కనీ కొడుతుంది. డప్పు లేకుండానే డప్పు పుడుతుంది. తన ముఖ్యమైన మెళకువకి ఇంటి కరెంటు సామాను పేరు పెట్టుకున్న సంగీతాన్ని ఏ ప్రాచీన ఖాతాలో రాయాలి? మీటేవాళ్లు హితానోలు గనక అది 'మూలం' అయిపోయింది. అవే క్యూబా లయల్ని ఇంకెవరైనా వాయించి ఉంటే ఆధునిక నగర సంగీతం అని ఉండేవాళ్లు.

ఆ కాలపు ఆడవాళ్లు ఎక్కడున్నారు? ఎల్ పెస్కాయియా భార్య లోలా ఫ్లోరెస్ స్పెయిన్ అంతటా పేరున్న తార. 1957లో పెళ్లయ్యాక ఆయన ఎక్కువగా ఆమె కచేరీల్లోనే వాయించాడు. భార్య నీడలో మిగిలిపోయిన మేధావి అని ఇప్పటికీ జాలిగా రాస్తారు. భర్తల నీడల్లో మిగిలిన వాళ్ల గురించి ఇంత జాలి ఎక్కడా చదివిన గుర్తు లేదు, సరే. నన్ను ఎక్కువగా ఆపిన మనిషి దొలోరెస్ వర్గాస్. 1936లో బార్సిలోనాలో పుట్టిన హితానా. వేదిక మీద ఆమె తీరు చూసి 'లా తెర్రెమోతో', భూకంపం, అని పేరు పెట్టారు. ఆమె పాడిన 'అచిలిపూ' వింటే కాళ్లు ఊరుకోవు. రుంబాని స్పెయిన్ ఇళ్లలోకి చేర్చిన గొంతుల్లో అది ఒకటి. అయినా వంశవృక్షంలో ఆమె చోటు 'గాయని' దగ్గరే ఆగిపోతుంది. వాయించినవాడు కనిపెట్టినవాడు, పాడినది పాడినదే. భూకంపం అన్న బిరుదులోనే ఈ తీర్పు ఉందేమో. భూకంపం వస్తుంది, పోతుంది. దానికి నేర్చుకున్న విద్య అంటూ ఏమీ ఉండదు.

పెరేత్ విషయంలో నేనేమీ తగ్గించి చెప్పడం లేదు. 1974లో స్పెయిన్ తరఫున యూరోవిజన్‌కి వెళ్లినవాడు, 1982లో పాట వదిలి ఎవాంజెలికల్ చర్చిలో బోధకుడైనవాడు, మళ్లీ వచ్చి 1992 బార్సిలోనా ఒలింపిక్స్ ముగింపు సభలో ప్రపంచం ముందు పాడినవాడు. అసలు నవల రాయాల్సిన జీవితం ఆయనది. ఆ ముగింపు సభలో నగరం తన ముఖంగా రుంబాని ఎంచుకుంది. అదే నగరం 1966లో సోమోరోస్త్రో అనే సముద్రపు ఒడ్డు మురికివాడని నేలమట్టం చేసింది. ప్రసిద్ధ నర్తకి కార్మెన్ అమాయా పెరిగిన వాడ అది. తర్వాతెప్పుడో అక్కడి బీచికి సోమోరోస్త్రో పేరే పెట్టారు. మనుషుల్ని పంపించేసి పేరు దాచుకోవడం నగరాలన్నిటికీ తెలిసిన విద్యే.

ఓహోస్ దె బ్రుహో ఈ చరిత్ర మీద నిలబడి పాడింది. వాళ్ల రెండో ఆల్బం 'బారీ' 2002లో వచ్చింది. మొదటి ఆల్బం 'వెంగె' (1999)ని కంపెనీ ద్వారా తెచ్చిన వాళ్లు, దీన్ని సొంతంగా పెట్టుకున్న సంస్థ ద్వారా విడుదల చేసుకున్నారు. పిహెచ్.డి. రోజుల్లో ఒక స్నేహితురాలు కాపీ చేసిచ్చిన సీడీలో మొదట విన్నాను. స్పానిష్ తెలియని రోజులవి. అర్థం కాకుండానే ఆ గొంతులోని మొండితనం పట్టుకుంది. ఫ్లమెంకో గాయని గొంతు అనగానే మనం ఎదురుచూసే ఏడుపు, చీలిక మరీనా గొంతులో తక్కువ. ముక్కుతో పలుకుతూ, మాటల్ని తరిమినట్టు, సందులో ఎవరితోనో వాదిస్తున్నట్టు పాడుతుంది. పన్నెండు మాత్రల బులేరియా లయ వెనక నడుస్తుంటే ఆమె దాని మీద ర్యాప్ విసురుతుంది. దుఃఖం స్త్రీ గొంతుకి సహజాభరణం అనే పాత నమ్మకాన్ని ఈ పాటలు లెక్క చెయ్యవు. నాకు ఇందులో కొత్తదనం డీజే యంత్రం కాదు, ఇది.

ఆల్బం పేర్లు కూడా చూడాలి. 'బారీ' (2002), 'తెచారీ' (2006), 'అవొకానా' (2009), మూడూ కాలో మాటలే. కాలో అంటే స్పెయిన్ హితానోల మాట. రోమానీ పదాలు మిగిలి, వ్యాకరణం స్పానిష్‌దైపోయిన భాష. తెచారీ అంటే స్వేచ్ఛ గలది, అవొకానా అంటే ఇప్పుడు. ఇక బారీ. రోమానీలో పెద్దవాడు 'బరో', పెద్దది 'బరీ'. హైదరాబాదులో పెరిగిన వాళ్లెవరైనా చెవి రిక్కిస్తారు, హిందీ 'బడా, బడీ'లకి ఇది తోబుట్టువు. కాలో అన్న పేరు కూడా మన చెవికి తెలిసిన 'కాలా', నలుపే. వెయ్యేళ్ల కింద ఈ ఉపఖండం వదిలి, 1425 నాటికి స్పెయిన్ రాజపత్రాల్లోకెక్కిన ఒక జాతి నోట్లో ఆ స్త్రీలింగపు 'ఈ' ఇంకా బతికే ఉంది. గొప్పది అనే ఆడమాట ఆల్బం పేరుగా నిలబడటం నాకు ఊరికే పట్టిన విషయం కాదు.

అయితే ఇక్కడ మనకి కొంచెం గర్వం పొంగుతుంది. ఇది మనదే అనే గర్వం. తబలా వినిపించేసరికి, 'తెచారీ'లో బ్రిటిష్ ఇండియన్ సంగీతకారుడు నితిన్ సాహ్నీ పేరు కనిపించేసరికి అది ఇంకొంచెం పెరుగుతుంది. మన దగ్గర రోమాలూ లంబాడీలూ ఒకటేనని రాయడం చాలాకాలంగా ఉన్న అలవాటు. భాషాశాస్త్రం అంత సూటి గీత గీయదు. టోనీ గట్లిఫ్ సినిమా 'లాచో ద్రోమ్' (1993) రాజస్థాన్‌లో మొదలై స్పెయిన్‌లో ముగుస్తుంది. అందంగా ఉంటుంది. కానీ ఆ దారి పొడవునా నడిచిన మనుషులకి దారి మాత్రమే చరిత్ర కాదు. కాలో ఎందుకు ముక్కలైంది? 1499 నుంచి వరసగా వచ్చిన శాసనాలు వాళ్ల సంచారాన్నీ, బట్టల్నీ, భాషనీ నిషేధించాయి గనక. 1749 జూలై చివర రాజాజ్ఞతో దేశమంతా ఒక్కసారిగా హితానోలని పట్టి బంధించారు. వేలమంది. మగవాళ్లని ఒకవైపు, ఆడవాళ్లనీ చిన్నపిల్లల్నీ ఒకవైపు విడదీశారు. ఆ జాతి మళ్లీ కనకూడదన్నది ఉద్దేశం. మూలం అన్న మెత్తటి మాట కింద ఉన్నది ఇది. మిగిలిన పదాలు మిగిల్చిన వాళ్ల నోట్లోంచి మిగిలాయి. ఆ నోళ్లలో ఎన్ని ఇళ్లల్లో జోల పాడిన ఆడవాళ్లవో.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో బార్సిలోనాలో వచ్చిన ఈ తరహా సంగీతానికంతటికీ 'మెస్తిసాహె', మిశ్రమం అని పేరు. వలసదారుల్ని ఆహ్వానించే, జాత్యహంకారాన్ని ఎదిరించే మాటగానే వాడారు, వాళ్ల ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. కానీ ఆ మాట లాటిన్ అమెరికా వలసపాలన నుంచి వచ్చింది. అక్కడ రక్తం కలవడమంటే చాలాసార్లు స్పెయిన్ మగవాడు ఆదివాసీ స్త్రీనీ నల్ల స్త్రీనీ చెరచడం. మిశ్రమాన్ని పండగగా పాడుకునేటప్పుడు అది ఎవరి శరీరంలో జరిగిందో గుర్తుంచుకోవాలా, వద్దా? ఈ బృందం యుద్ధం మీద పాడింది, మార్కెట్ మీద పాడింది. 'మేం యంత్రాలం కాదు' అని ఒక పాట పేరు, 'రాళ్లూ ట్యాంకులూ' అని ఇంకో పాట పేరు. తమ సంగీతానికి తగిలించిన ఈ ముద్రని మాత్రం తిప్పి చూసుకోలేదనిపిస్తుంది.

'తెచారీ'లో 'సుల్తానాస్ దె మెర్కాయియో' అనే పాట ఉంది. సంతలో అమ్ముకునే ఆడవాళ్లని సుల్తానాలు అంటుంది ఆ పేరు. స్పెయిన్ వారపు సంతల్లో హితానా స్త్రీలు బట్టలు అమ్ముతూ కనిపించడం మామూలు. జోస్యం చెప్పే, గులాబీ కొప్పులో పెట్టుకున్న జిప్సీ పిల్ల బొమ్మ పక్కన ఈ శ్రమ చేసే ఆడవాళ్లని నిలబెట్టడం మంచి పని. బాగున్న పాట. కానీ 'బారీ'లోని గరుకు ఇందులో తగ్గింది, అంచులన్నీ నునుపు చేసినట్టుంటుంది. కిరీటం పెట్టడంలో కూడా ఒక సుఖం ఉంది, పెట్టేవాళ్లకి. బృందంలో హితానోలూ ఉన్నారు, కానివాళ్లూ ఉన్నారు. ఎవరు ఎవరి తరఫున పాడుతున్నారన్న ప్రశ్న వాళ్లని వదలదు. మనలో చాలామందికి ఈ ప్రశ్న వేడి తెలుసు. 2018లో రొసాలియా 'ఎల్ మల్ కెరెర్' ఆల్బంతో లోకమంతా వినిపించినప్పుడు, మా చిహ్నాలు నీకు నగలా అని హితానా స్త్రీలే నేరుగా అడిగారు. అంతకు ముందు దశాబ్దంలో ఓహోస్ దె బ్రుహోని ఎవరూ అంత గట్టిగా నిలదీయలేదు. వాళ్లు చిన్న సంస్థ కావడం, వీధి ఉద్యమాల పక్కన ఉండటం ఒక కారణం. అడిగే గొంతులు అప్పటికి పత్రికల్లోకి రాకపోవడం ఇంకో కారణం అనుకుంటాను.

వాళ్ల కచేరీల వీడియోలు ఇప్పుడు చూస్తుంటే ఒక సంగతి కంట్లో గుచ్చుకుంటుంది. మధ్యలో మరీనా, ఆమె పక్కన నాట్యం చేసే స్త్రీ. చుట్టూ గిటార్లు, కహోన్ పెట్టె, డ్రమ్ములు, బేస్, తబలా, డీజే బల్ల, అన్నీ మగవాళ్ల చేతుల్లో. గొంతూ ఒళ్లూ ఆడవాళ్లవి, వాద్యమూ యంత్రమూ మగవాళ్లవి. ఎంత తిరగబడ్డ బృందం కూడా ఈ పంపకాన్ని దాదాపు అలాగే ఉంచింది. మూలానికి ఆధునికతని జోడించారన్న ఆ వాక్యం బహుశా ఈ వేదికని చూసే పుట్టి ఉంటుంది.

ఆ నగరంలోనే 2004లో లాస్ మిగాస్ అనే ఆడవాళ్ల బృందం మొదలైంది. ఫ్లమెంకోకి ఇతర సంగీతాలు కలుపుకుంటూ పాడుతుంది. 2022లో వాళ్ల 'లిబ్రెస్' ఆల్బంకి ఫ్లమెంకో విభాగంలో లాటిన్ గ్రామీ వచ్చింది. వాళ్లని హితానా స్త్రీల ప్రతినిధులని నేననడం లేదు, ఆ ప్రశ్న వాళ్ల ముందూ ఉంది. నేను చూసింది వాళ్ల చేతుల్ని. అక్కడ గిటార్లు పట్టుకున్నది ఆడవాళ్లు. తీగ మీదా చెక్క మీదా పడే దెబ్బ వాళ్లది.