తెంగ్వార్ లిపి: పట్టికయు వ్యవహారమును

కల్పితభాషలకు వర్ణములను, లిపిని గూర్చుట పసివాండ్ర యాటయని కొందఱు తలఁతురు. 1925 మొదలు 1945 వఱకు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునఁ బ్రాచీనాంగ్లభాషాచార్యుఁడుగా నుండిన జె. ఆర్. ఆర్. టోల్కీను సహితము 1931లో నొక యుపన్యాసమున నీ పనిని రహస్యవ్యసనమని పేర్కొనెను. ఆ వ్యసనఫలమైన తెంగ్వార్ లిపి, 1954–55లలో వెలువడిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అను నాతని కథాగ్రంథముయొక్క అనుబంధమున వివరింపఁబడినది. శిక్షాశాస్త్రపరిచయము గలవారు దానిని తేలికగాఁ ద్రోసివేయఁజాలరు.

ఇందలి మూలాక్షరములు 24. ఒక నిలువుగీఁతయు, దానికిఁ జేర్చిన వంపును గలసి యక్షరమగును. నాలుగు నిలువువరుసలు ప్రాయికముగా నుచ్చారణస్థానమును, ఆఱు అడ్డువరుసలు ప్రయత్నమును దెలుపును. వంపును రెట్టించినచో శ్వాసవర్ణము నాదవర్ణమగును, తకారము దకారమగును. గీఁతను క్రిందికిఁ గాక మీఁదికి సాగించినచో స్పర్శము ఊష్మమగును. మన కచటతపవర్గముల యమరిక శాస్త్రీయమే. కాని ప-ఫ, ద-ధ, చ-ఛల వంటి కొన్నింటఁ గానవచ్చు నొత్తును మినహాయించినచో, వర్ణముల చుట్టఱికము మన యక్షరరూపములయందుఁ గనఁబడదు. క, గలను జూచి యవి యేకస్థానజములని యెవ్వఁడు చెప్పఁగలఁడు? కొరియాదేశమున సేజోంగ్ రాజు 1443లోఁ గల్పించి 1446లోఁ బ్రకటించిన లిపియందు మాత్రము, కకారమునకు గీఁత చేర్చి ఖకారమును జేయు నిట్టి పద్ధతి యున్నది.

అయినను ఈ పట్టికయే లిపికిఁ బ్రాణమనుట పొరపాటు. పట్టిక వంగినచోటనే టోల్కీను నేర్పు తెలియును. క్రమము ననుసరించినచోఁ గడపటి యడ్డువరుస శ్వాసరూపములగు ననునాసికములకుఁ జెందవలెను. కథలోని ఎల్ఫులను చిరంజీవిజాతివారి భాషలలో నట్టి వర్ణములు మిక్కిలి యరుదు. కావున నా యక్షరములు అంతస్థాదులకు వినియోగింపఁబడినవి. ఫిన్నిష్ భాషయొక్క నాదమునకు ముగ్ధుఁడై కూర్చిన క్వెన్యాభాషలో బ, ద, గలు ఒంటిగా రావు. అనునాసికముల తరువాతనో, ర లకారముల తరువాతనో వచ్చును. అందుచే నాదవర్ణముల వరుస యా భాషలో ంబ, ంద, ంగ వంటి సంయోగములకు సంకేతమైనది. లక్ష్యమునకు లక్షణము లొంగినది.

అచ్చులు హల్లులమీఁద గుర్తులుగా నుండును. క్వెన్యాపదములు పెక్కులు అజంతములు. కావున మన గుణింతమునందువలె గుర్తు ముందు పలుకు హల్లును జేరును. వేల్సుభాష పోలికతోఁ జేసిన సిందరిన్ పదములు పెక్కులు హలంతములు. అందు గుర్తు తరువాతి హల్లుపై నుండును. తకారముపైని ఇకారచిహ్నము ఒకచోఁ 'తి' యనియు, వేఱొకచో 'ఇత్' అనియుఁ జదువఁబడును. క్వెన్యాలో అకారము మిక్కిలి తఱచగుటచే దాని గుర్తును దఱచుగా విడుతురు. దీపార్థకమగు 'కల్మ' పదమును మూఁడు హల్లులతోనే వ్రాయవచ్చును. దేవనాగరి నెఱిఁగినవారి కిది క్రొత్తగాదు (తెలుగున అకారమునకుఁ దలకట్టు గలదు). అనునాసికసూచకముగా హల్లుపై నుంచు గీఁత మన పూర్ణబిందువును స్మరింపఁజేయును. ఇంతమాత్రమున నిది భారతీయలిపుల యనుకరణమని తొందరపడి చెప్పరాదు. ఒకే యవసరము రెండుచోట్ల నొకే యుపాయమును బుట్టింపవచ్చును.

దోషము లేకపోలేదు. ఇన్ని యక్షరములను రెండే యవయవములతో నిర్మించుటచే నవి యొకదానినొకటి పోలును. త, కలకు భేదము వంపు కుడివైపున నున్నదా, యెడమవైపున నున్నదా యనుటయే. థ, ధల చుక్కకడనే తడఁబడు బాలురను జూచిన బడిపంతుళ్లు ఈ కష్టము నెఱుఁగుదురు.

తొమ్మిదవ యక్షరము మఱింత విచారణీయము. దాని పేరు 'థూలె'. తొలివర్ణము ఆంగ్లమున 'థింక్' అను పదాదియందలి యూష్మము. కాలక్రమమున క్వెన్యాలో నది సకారముగా మాఱి, పేరు 'సూలె' యయ్యెను. అక్షరము మాత్రము నిలిచెను; సకారమునకు వేఱక్షర మదివఱకే కలదు. పలుకుబడిలో ర, ఱల భేదము నశించినను వ్రాఁతలో ఱకారము నిలిచిన తీరిదియే. 1973లో టోల్కీను మరణించిన పిమ్మట, 1996లోఁ బ్రకటితమైన యాతని రచన యొకటి యీ మార్పుపైఁ బుట్టిన కలహమును జెప్పును. కథలో నీ లిపికిఁ గర్తయైన ఫెయనోర్ ఆ ప్రాచీనోష్మమును విడువఁడు. గతించిన యాతని తల్లి పేరు 'థెరిందె' యా వర్ణముతోనే మొదలగును. తక్కినవారు 'సెరిందె' యనిన, తల్లినే త్రోసిపుచ్చినట్లు ఆతనికిఁ దోఁచెను.