బరువే బందోబస్తా?
ధాన్యపు ట్రాలీ డబ్బా బిగింపుపై ఒక విమర్శ

రంగారెడ్డి జిల్లా మహేశ్వరం మండలములోని రావిర్యాల ప్రక్కగా నేడు ఔటర్ రింగు రోడ్డు పోవుచున్నది. 2008లో ఆరంభమైన శంషాబాదు విమానాశ్రయము అక్కడికి ఎంతో దూరము కాదు. అయినను కోతల కాలములో ఇటువంటి గ్రామములందు ధాన్యము కల్లము నుండి కదలునది ట్రాక్టరు ట్రాలీలోనే. ఎడ్లబండి గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడచును. ట్రాలీ 20 కిలోమీటర్లు సునాయాసముగా పోవును. వాహనము మారినది, వేగము మారినది. కాని డబ్బాను చట్రముపై నిలుపు విషయములో బండినాటి నమ్మకమొకటి ఇంకను వినిపించుచునే ఉన్నది: “అంత బరువు పడిన తరువాత డబ్బా ఎక్కడికి పోవును?”

ఎడ్లబండి విషయములో ఈ మాట నిర్హేతుకము కాదు. ఎద్దు నడకలో హఠాత్తుగా ఆగుట, వేగముగా మలుపు తిరుగుట అరుదు. ఇరుసుపై కూర్చున్న దూలములను గట్టిగా కట్టిన చాలును. తప్పు వచ్చినదెల్ల ఆ అనుభవమును లెక్క చూడకుండ ట్రాలీకి అంటగట్టుటలోనే.

ఆ లెక్క తొమ్మిదవ తరగతి విద్యార్థికి అందనిది కాదు. 40 కిలోల బస్తాలు నూరు వేసినచో 4,000 కిలోలు. డబ్బా 600 కిలోలనుకొనిన మొత్తము 4,600. ఇనుప చట్రముపై ఇనుప డబ్బాకు ఘర్షణ గుణకము 0.3 అనుకొందురు గాక. అప్పుడు డబ్బాను జారకుండ ఆపగల ఘర్షణ సుమారు 13,500 న్యూటన్లు. చూచుటకు పెద్ద సంఖ్యయే. కాని గంటకు 20 కిలోమీటర్ల వేగముతో 10 మీటర్ల వ్యాసార్ధము గల మలుపు తిరుగునప్పుడు ఆ డబ్బాను మలుపులో నిలుపుటకు 14,000 న్యూటన్లకు పైగా కావలెను. ఘర్షణ చాలదు. బస్తాలు రెట్టింపు చేసిన చాలునా? ఘర్షణ రెట్టింపగును, కావలసిన బలమును రెట్టింపగును. ద్రవ్యరాశి రెండు ప్రక్కల నుండి కొట్టివేయబడును. అనగా ప్రక్కకు జారుట విషయములో నిండు డబ్బాకు, ఖాళీ డబ్బాకు భేదము లేదు! బరువు పెరిగినకొలది భద్రత పెరుగునన్న నమ్మకము ఇచ్చటనే కూలిపోవుచున్నది.

పైకి ఎగురుట మాత్రము వేరు సంగతి. “నిండుకుండ తొణకదు” అన్న సామెత ఇక్కడ సగము చెల్లును. నిండు బరువునకు తగినట్లు చేసిన కమానుపట్టీలు ఖాళీ డబ్బాకు మిక్కిలి బిరుసు. గుంతలో పడిన ప్రతిసారి డబ్బా ఎగిరి పడును. ఎగిరిన క్షణమున ఘర్షణ దాదాపు సున్న. కావున బోల్టులను వదులు చేయునది ధాన్యము మోయు ప్రయాణము కంటె ధాన్యము దింపి వచ్చు ప్రయాణమే. తిరుగుదారిలో వినవచ్చు డబ్బా మోతను డ్రైవరు లెక్కచేయడు. నిజమునకు అది బిగింపు సడలినదని తెలుపు వార్త.

బోల్టు పని యేమి? రంధ్రములో గూటమువలె నిలిచి డబ్బాను ఆపుటయని అనేకులు తలంతురు. అది సరికాదు. బోల్టు రెండు ఇనుములను ఒకదానితో నొకటి నొక్కిపట్టవలెను. ఆ నొక్కుడు వలన కలిగిన ఘర్షణయే జారుటను ఆపవలెను. 16 మిల్లీమీటర్ల బోల్టును సరిగా బిగించిన 20,000 న్యూటన్ల నొక్కుడు సులభముగా లభించును. ఆరు బోల్టులైన 1,20,000. దానికి ఘర్షణ 36,000 న్యూటన్లు. బరువు సాయము లేకయే మలుపునకు కావలసిన దానికి రెట్టింపు మించినది! కాని నట్టు సడలిన మరుక్షణము ఆ బోల్టు ఉత్త గూటమగును. రంధ్రము కోలగా సాగును, దెబ్బమీద దెబ్బ తిని బోల్టు తెగును. మధ్య కఱ్ఱదిమ్మె వేసినచోట ఈ ప్రమాదము హెచ్చు. పచ్చి కఱ్ఱ ఎండి కుంచించుకొనిపోగా నట్టు కదలకయే బిగువు పోవును. అందుచేత క్రొత్త ట్రాలీకి మొదటి కొన్ని లోడుల తరువాత మరల బిగించుట అవసరము.

“ఈ గొడవ యేల, వెల్డింగు చేసిన పోదా?” అను వారును కలరు. గతుకులలో చట్రము మెలిపడును. డబ్బాను పొడవునా అతికించిన ఆ మెలి అంతయు అతుకు చివరలకు చేరి, అచ్చటనే పగులు పుట్టును. వెనుక గట్టిగా పట్టి, ముందు భాగమున రబ్బరు దిమ్మెపై కొంచెము కదలనిచ్చుట మేలు. జాకీతో ఎత్తి ధాన్యము గుమ్మరించు ట్రాలీలలో వెనుక కీలు చీలలే బలమంతయు మోయును. ముందు ప్రక్క ఊగకుండ ఆపు గైడులు లేనిచో ఆ భారము జాకీపై పడును. జాకీ ఎత్తుటకు గాని, ప్రక్కపోటు తినుటకు కాదు.

రావిర్యాల మీదుగా ఎగురు విమానముల సంగతి చూడుడు. సరకు పెట్టెలను సులభముగా లోనికి నెట్టుటకు పెద్ద విమానముల సరకు గదుల నేలపై రోలర్లు అమర్తురు. అనగా ఘర్షణను బుద్ధిపూర్వకముగా తీసివేయుదురు. అందువలన ప్రతి పెట్టెను నేలలోని కొక్కెములతో బంధింపక విమానమును కదలింపరు. అక్కడ బరువును నమ్ముటకు ఎవరికిని అవకాశమే లేదు.

పాఠశాలలో ఘర్షణ పాఠము చెక్కదిమ్మె వద్దనే ఆగిపోవుట సాధారణము. ఒక పలకపై రేకు పెట్టెను ఉంచి, పలక ఒక కొనను మెల్లగా ఎత్తి, పెట్టె జారు కోణము గుర్తింపవచ్చును, గుణకము 0.3 అయిన అది సుమారు 17 డిగ్రీలు. తరువాత పెట్టెనిండ ఇసుక పోసి మరల ఎత్తవలెను. కోణము దాదాపు అంతే వచ్చును. పిమ్మట పెట్టె అంచును రెండు క్లిప్పులతో పలకకు నొక్కిపట్టి, మూడవసారి ఎత్తి చూడవలెను.