చేతి పంపు చేసే పని

మదనపల్లె నుంచి టమోటా లోడుతో బయల్దేరిన పికప్ మొగిలి ఘాట్‌లో రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పక్క సీట్లో నేనున్నాను. ‘‘డీజిలుందే అన్నా, ముల్లు ఇంకా ఎర్రగీత పైనే ఉండాదే’’ అన్నాడు డ్రైవరు, మోపెడ్ మీద వచ్చిన మెకానిక్‌తో. ‘‘ఉంటే ఉండనీ తమ్ముడూ, ఎయిర్ పట్టింది’’ అన్నాడాయన.

ఇద్దరి మాటా నిజమే. ట్యాంకులో ఒక తేలుడు బుడ్డి, దానికి కమ్మీ. డీజిలు తగ్గే కొద్దీ కమ్మీ వాలి, ముల్లు దిగుతుంది. కానీ ఆ బుడ్డికి తెలిసేది తానున్న చోటి మట్టమే. బండి వాలులో ఉంటే డీజిలంతా ఒక పక్కకు చేరుతుంది, పీల్చే గొట్టం నోరు బయటపడుతుంది. ఆ నోటిని ట్యాంకు అడుగుకు ఆనించకుండా కాస్త ఎత్తులో పెట్టడం కావాలని చేసిన పనే. డీజిలు కన్నా బరువైన నీరు, మడ్డి అడుగునే ఉండిపోవాలి. అంటే చివరి లీటర్లు ట్యాంకువే తప్ప ఇంజిన్‌వి కావు.

ఆ గొట్టంలోకి కాస్త గాలి పోతే ఏమవుతుంది? డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ లేదు. పిస్టన్ గాలిని పదహారో వంతుకో, అంతకన్నా తక్కువకో నొక్కుతుంది. ఆ వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి నాజిల్ డీజిలును పొగమంచులా చిమ్మాలి. కొత్త కామన్ రైల్ బండ్లలో ఆ ఒత్తిడి 1,600 బార్ దాకా, కొన్నిట్లో ఇంకా పైకి వెళ్తుంది. ఇంత ఒత్తిడి పుట్టించే పంపులో ప్లంజరుకూ దాని గదికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. వెంట్రుక మందం అంతకు ఇరవై రెట్లు పైనే. అక్కడ రబ్బరు సీలు ఉండదు. కారకుండా ఆపేదీ, అరగకుండా తడిపేదీ ఆ డీజిలు పొరే. నొక్కితే డీజిలు దాదాపు కుదించుకుపోదన్న ఒక్క నమ్మకం మీద ఈ అమరిక అంతా నిలబడింది. బుడగ దూరిందా, ప్లంజరు నొక్కినప్పుడు అది నలిగి, వదిలితే మళ్లీ ఉబ్బుతుంది. ఒత్తిడి పెరగదు, నాజిల్ తెరుచుకోదు. సెల్ఫ్ కొట్టిన కొద్దీ బ్యాటరీ దిగుతుంది, తడిలేని పంపు అరుగుతుంది.

తమాషా ఏమిటంటే, 1897లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఇంజిన్‌లో ఇంధనాన్ని సిలిండరులోకి ఊదింది కంప్రెసర్ గాలే. ద్రవాన్నే నేరుగా నెట్టే పంపును బాష్ కంపెనీ పెద్దఎత్తున తయారు చేయడం మొదలెట్టింది 1927లో.

మెకానిక్ క్యాన్లోంచి ముందు పది లీటర్లు పోశాడు. ఫిల్టరు తల మీది గాలి స్క్రూను ఒకటిన్నర చుట్టు వదులు చేసి, కింద గుడ్డ పెట్టి, చేతి పంపు నొక్కడం మొదలెట్టాడు. ఆ పంపులో ఉన్నవి రెండు వాల్వులు, ఒక స్ప్రింగు. నొక్కితే ఒక వాల్వు మూసుకుని రెండోది తెరుచుకుంటుంది, వదిలితే అటుది ఇటు. డీజిలు ఇంజిన్ వైపే పోగలదు, వెనక్కి రాలేదు. మొదట్లో బొత్తాం బోలుగా దిగింది. తర్వాత స్క్రూ దగ్గర నురగ, ఆ తర్వాత బుడగలు, చివరికి గాజులా తేటగా ధార. ధార కారుతుండగానే, బొత్తాం నొక్కిపట్టి స్క్రూ బిగించాడు. ముందు చెయ్యి వదిలితే బయటి గాలి మళ్లీ లోపలికొస్తుందట. నాకు పనితనమంతా ఆ క్షణంలోనే కనిపించింది. ఇంకో నాలుగు నొక్కులకు బొత్తాం రాయిలా గట్టిపడింది.

‘‘పాత బండైతే నాజిల్ పైపుల నట్లు కూడా వదులు చేసేవాణ్ణి. ఇది కామన్ రైల్, ఆ పైపులు ముట్టకూడదు. ఆ ధార చర్మంలోకి దూరిపోతుంది’’ అన్నాడు.

రెండో సెల్ఫ్‌కు ఇంజిన్ అందుకుంది. తడబడింది, తెల్లగా పొగ వదిలింది, కుదురుకుంది. డ్రైవరు గేరు మీద చెయ్యేశాడు. మెకానిక్ ఆగమని సైగ చేసి, స్క్రూ చుట్టూ పొడిగుడ్డతో తుడిచి, తడి ఊరుతుందేమోనని వంగి చూస్తూ నిలబడ్డాడు.