'టేక్' అంటే అంతా 'తీసుకో'నేనా?

మొన్న మా మేనల్లుడు ఇంగ్లీషు నేర్చుకునే పుస్తకం ఒకటి తెచ్చుకుంటే తిరగేసినాను. తెలుగులో అర్థాలిచ్చే పుస్తకం. 'టేక్' అనే ఒక్క క్రియకే రెండు పేజీలు ఇచ్చినారు, దానికి మెచ్చుకోవాల్సిందే. ఆ చిన్న మాట ఎన్ని పనులు చేస్తుందో వరసగా చూపించినారు. ఎదురుగా రాసిన తెలుగు చూస్తే మాత్రం అన్నింటికీ ఒకటే: తీసుకొను. స్నానం తీసుకొను, బస్సు తీసుకొను, మాత్ర తీసుకొను, ఆఖరికి రెండు గంటలు తీసుకొను!

మా హోసూరు పక్క ఇట్లా ఎవురంటారు? నీళ్ళు పోసుకుంటాము, బస్సెక్కుతాము, మాత్ర మింగుతాము, బెంగుళూరు పోను రెండు గంటలు పడుతుంది. ఫోటో తీస్తాము. బిడ్డకి తండ్రి పోలిక వచ్చిందంటాము, ఇంగ్లీషులో అదే 'టేక్ ఆఫ్టర్'. ఇవన్నీ పక్కన పెట్టి చూపించుంటే, వెనక వచ్చే మాటని బట్టి 'టేక్' అర్థం మారుతుందని పిల్లోడికి ఇంగ్లీషే ఇంకా బాగా తెలిసేది. 'టేక్ ఆఫ్'కి 'తీసివేయు' అని ఊరుకున్నారు. చొక్కాకి సరే, విమానం ఏం తీసేస్తుంది?

నాకు ఎక్కువ నొచ్చింది ఇంకొకటి. ఏదన్నా చేతికిచ్చేటప్పుడు మేము 'ఇంద, ఎత్తుకో' అంటాము. వాడు నోటుబుక్కులో అట్లే రాసుకుంటే ట్యూషన్‌లో కొట్టేసి 'తీసుకో' అని దిద్దినారు. కోస్తాలో 'ఎత్తుకుపోయాడు' అంటే దొంగతనం. అది వాళ్ళ వాడుక, తప్పనను. తమిళం 'ఎడుత్తుక్కో' చూసి నేర్చినారులే అని కొట్టిపారేసేవాళ్ళూ ఉండారు. తమిళం రాని అనంతపురం పల్లెల్లో కూడా ఇదే మాట ఉంది కదా మరి.

'చర్య తీసుకోవడం', 'నిర్ణయం తీసుకోవడం' పేపర్ల పుణ్యాన కుదురుకున్నాయి, నేనూ రాస్తాను. వాటితో నాకు పేచీ లేదు. కానీ 2006 చట్టంతో తమిళనాడు బళ్ళల్లో ఒకటో తరగతి మొదలుకొని తమిళం తప్పనిసరి అయినాక, మా ఇళ్ళల్లో చాలామంది బిడ్డలకి తెలుగు అక్షరం కనపడేదే ఇట్లాంటి పుస్తకాల్లో. అచ్చులో ఒకటీ అమ్మ నోట ఇంకొకటీ ఉంటే, వాడు నమ్మేది అచ్చునే.

నిన్న కాఫీ లోటా తెచ్చిచ్చి, 'మామా, తీసుకో' అన్నాడు. వాళ్ళమ్మ పొయ్యి దగ్గర్నుంచి తిరిగి చూసింది.