ఇంటి అరలో సినిమా: అమ్మకమూ, అభిరుచీ

ఒక సినిమా విలువ ఎంత అని అడిగితే వ్యాపారి అది ఎన్ని రోజులు ఆడిందో చెబుతాడు. వీడియో క్యాసెట్టూ, దాని వెనుక డిస్కూ వచ్చాక ఎన్ని కాపీలు పోయాయో కూడా చెప్పడం మొదలుపెట్టాడు. ఈ రెండు లెక్కలూ ఒకే సంగతి చెబుతాయని మన విమర్శకుల్లోనూ కొందరు నమ్ముతారు. కానీ హాల్లో బొమ్మ చూడడం ఒక సందడి. కొత్తది వచ్చిందని, హీరో కోసమని, ఊరంతా వెళుతోందని వెళతాం. ఇంట్లో పెట్టుకోవడానికి సినిమా కొనడం అలాంటిది కాదు. కథ ముందే తెలుసు, ముగింపు తెలుసు, మాటలు సగం నోటికి వచ్చు. అయినా కొంటాం. పుస్తకాన్ని కొని అరలో పెట్టుకునేది ఎందుకో ఇదీ అందుకే. కాబట్టి ఏ నిర్మాణ సంస్థ చిత్రాల్లో ఏది ఇళ్లలోకి ఎక్కువగా వెళ్లిందన్నది వ్యాపార పత్రికలకు వదిలేయవలసిన విషయం కాదు. అది సాహిత్య విమర్శకు కూడా చెందుతుంది.

ఈ విషయం మీద రెండు తేలిక అభిప్రాయాలు చెలామణిలో ఉన్నాయి. జనం కోరిందే మేం అమ్ముతున్నాం, అమ్ముడుపోయిందే జనం కోరింది అనేది వ్యాపారుల మాట. జనం పౌరాణికాలకీ, కుటుంబ కథలకీ ఎగబడుతున్నారు, వాళ్ల అభిరుచి భూస్వామ్య సంస్కృతిలో కూరుకుపోయింది అనేది మన మిత్రుల్లో కొందరి మాట. ఒకరు ప్రజలను పొగుడుతున్నట్టూ, మరొకరు తిడుతున్నట్టూ కనిపించినా ఇద్దరి ఆధారం ఒక్కటే. అమ్మకం అంటే అభిరుచి అని ఇద్దరూ ఒప్పేసుకున్నారు. ఆ ఆధారమే తప్పని నా వాదన.

1

ముందు బయటి అనుభవం చూద్దాం. ఇంట్లో టీవీ కార్యక్రమాలను రికార్డు చేసుకునే యంత్రం అమ్ముతున్నందుకు 1976లో అమెరికాలో యూనివర్సల్, డిస్నీ సంస్థలు సోనీ మీద దావా వేశాయి. 1984లో ఆ దేశపు సుప్రీంకోర్టు అయిదుగురికి నలుగురు న్యాయమూర్తుల తేడాతో సోనీ పక్షాన తీర్పు చెప్పింది. విచిత్రమేమంటే, ఏ యంత్రం తమను ముంచేస్తుందని ఈ సంస్థలు గగ్గోలు పెట్టాయో ఆ యంత్రమే తరువాత వాటికి కల్పవృక్షమైంది. యూనివర్సల్ వారి ‘ఇ.టి.’ 1988లో క్యాసెట్టుగా వచ్చి కోటికి పైగా అమ్ముడైంది. డిస్నీ వారి ‘లయన్ కింగ్’ 1995లో వచ్చి దాదాపు మూడు కోట్ల దాకా పోయింది. డిస్కుల కాలంలో అదే సంస్థ విడుదల చేసిన ‘ఫైండింగ్ నీమో’ అమ్మకాల్లో అందరినీ దాటేసింది.

ఇవన్నీ పిల్లలున్న ఇళ్లకు చేరినవి. పిల్లవాడు ఒకే కథను నూరుసార్లు అడుగుతాడు. ఆ అడగడంలోని ఆనందాన్ని సంస్థ సొమ్ము చేసుకుంది. అంతటితో ఆగక డిస్నీ వారు తమ పాత చిత్రాలను కొన్నేళ్లపాటు అంగడిలోంచి తీసేసి, కొత్త తరం పిల్లలు పుట్టాక మళ్లీ వదలడం ఒక పద్ధతిగా పెట్టుకున్నారు. తాళం చెవి వాళ్ల దగ్గరుంది. ఎప్పుడు ఏది దొరకాలో నిర్ణయించేది వాళ్లు. అక్కడి అమ్మకాల్లో జనం కోరిక ఎంత ఉందో, తాళం వేసినవాడి లెక్క కూడా అంత ఉంది.

2

మన దగ్గర కథ వేరుగా మొదలైంది. 1982 ఆసియా క్రీడల నాడు రంగుల టీవీ వచ్చింది, వెనువెంటనే వీసీఆర్ వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో దాన్ని కొనగలిగిన ఇల్లు ఊరికి ఒకటి ఉంటే గొప్ప. అందువల్ల ‘హోమ్ వీడియో’ అన్నది ఇక్కడ మొదట వీధి వీడియో. పెళ్లికో, అమ్మవారి సంబరానికో పట్నం నుంచి టీవీ, డెక్కు అద్దెకు తెచ్చి రాత్రంతా వరసగా మూడు నాలుగు సినిమాలు వేసేవారు. ఏవి వేయాలన్నది కుర్రవాళ్లూ ముసలివాళ్లూ కలిసి తేల్చుకోవాలి. ఒక కొత్త బొమ్మ, ఒక ఫైటింగు బొమ్మ, తెల్లవారుజాము దాకా కూర్చోబెట్టడానికి ఒక పౌరాణికం. ఈ బేరసారాల్లోనే ఏ చిత్రం పదేపదే చూడదగ్గదో తేలింది.

సొంతానికి కొనుక్కునే కాలం వీసీడీతో వచ్చింది, అది నిలిచింది ధరతో. నూరు రూపాయలకు పైబడి ఉన్న డిస్కును మోసర్ బేర్ కంపెనీ 2007లో 28 రూపాయలకు దించింది, డీవీడీని 34కు ఇచ్చింది. ఉపాధి హామీ పథకం విజయనగరం జిల్లాలో 2006లోనూ, శ్రీకాకుళంలో ఆ మరుసటి ఏడూ మొదలైంది. అప్పటి రోజుకూలి 80 రూపాయలు. నూరు రూపాయల డిస్కు కూలివాడి ఇంట్లోకి రాదు, 28 రూపాయల డిస్కు వస్తుంది. అభిరుచి గురించి ఉపన్యాసం ఇచ్చేముందు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకోవాలి. పేదవాడు ఏం కొన్నాడో అడిగేముందు, వాడు కొనగలిగిన రోజు ఎప్పుడు వచ్చిందో అడగాలి.

3

ఆ రోజు వచ్చేసరికి బస్టాండు దగ్గరి దుకాణాల ముందు వరుసలో ఏమున్నాయి? కొత్త హీరోల బొమ్మలు మారిపోతూ ఉండేవి. మారకుండా ఉన్నవి కొన్ని. విజయా వారి పేరు చెబితే ‘మాయాబజార్’ (1957). లలితా శివజ్యోతి అంటే ‘లవకుశ’ (1963). రామకృష్ణా వారిదంటే ‘దాన వీర శూర కర్ణ’ (1977). పూర్ణోదయా అంటే ‘శంకరాభరణం’ (1980). సంస్థలు వేరు, కాలాలు వేరు. కానీ వీటన్నిటికీ ఒక సమాన లక్షణం ఉంది. ఇవి కంటికంటె ముందు చెవికి చేరినవి. రికార్డుల మీద, క్యాసెట్ల మీద, రేడియోలో, పెళ్లిపందిట్లో కట్టిన మైకులో వీటి పాటలూ, పద్యాలూ, సంభాషణలూ జనానికి ఏళ్ల తరబడి కంఠస్థమయ్యాయి. డిస్కు వచ్చేనాటికి జనం కొన్నది కొత్త సరుకు కాదు, తమ నోట్లో ఉన్నదానికి బొమ్మను కొనుక్కున్నారు. అంటే ఇది ముందుగా భాష అమ్మకం. రచయితలుగా మనం దీన్ని పట్టించుకోకపోతే ఎవరు పట్టించుకుంటారు?

‘మాయాబజార్’ మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు పుట్టింది మన రాజాంలో. పాండవులు ఒక్కసారైనా తెర మీద కనిపించని భారతకథ అది. యుద్ధం బదులు పెళ్లి, ధర్మం బదులు విందు. ‘అసమదీయులు’, ‘వీరతాళ్లు’ వంటి మాటలు ఆ సినిమాలోంచి ఇళ్లలోకి వచ్చి ఉండిపోయాయి. ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలెలా పుడతాయని ధైర్యం చెప్పే సినిమా అది. వ్యాకరణం పండితుడి సొత్తు కాదని గిడుగు వాదించినదాన్ని ఘటోత్కచుడి పరివారం ఆడి చూపించింది. అందులో ప్రియదర్శిని అనే పెట్టె ఒకటి ఉంది. తెరిచినవాళ్లకు తమకు ప్రియమైనదే కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు. ఇంటి వీడియో కూడా అలాంటి పెట్టే. కాకపోతే ఈ పెట్టెలో మనకు ప్రియమైనది కనిపించాలంటే ముందు దాన్ని ఎవరో అచ్చువేసి ఉండాలి. 2010లో ఈ చిత్రానికి రంగులు వేసి, నిడివి తగ్గించి మళ్లీ విడుదల చేశారు. ఆ ఖర్చూ శ్రద్ధా దక్కింది అప్పటికే అందరి ఇళ్లలో ఉన్న చిత్రానికే.

‘లవకుశ’లో పిల్లలకు గొంతులిచ్చినవారు పి. లీల, మన విజయనగరం పి. సుశీల. రాజు చేసిన అన్యాయాన్ని ఆ రాజు కన్నబిడ్డలే ప్రశ్నించే కథ ఆడవాళ్ల కన్నీళ్లలోంచి ఇంటికి చేరింది. సీత చివరకు భూమిలోకి పోతుంది, రాజ్యం మారదు. అయినా ఆ ప్రశ్న వినబడింది, అందుకే ఆ పాటలు బతికాయి.

‘దాన వీర శూర కర్ణ’ సంగతి ఇంకా స్పష్టం. నాలుగు గంటల చిత్రంలో జనం కంఠతా పట్టింది ఒక్క ఘట్టాన్ని. అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుణ్ణి కులమేదని అడిగినప్పుడు దుర్యోధనుడు పెద్దలందరి పుట్టుకలనూ వరసగా విప్పి చూపే ఘట్టం అది. మాటలు కొండవీటి వెంకటకవివి. మైకులో ఆ ప్రసంగం వినిపిస్తే పేటలో ఉన్నవాడు పని ఆపి విన్నాడంటే వాడు పురాణం వింటున్నాడా, తన మాటను వింటున్నాడా? దీన్ని భూస్వామ్య అభిరుచి అని కొట్టిపారేసే విమర్శకుడికి వినికిడి లోపం ఉందనాలి. అలాగని చప్పట్లు కొట్టి ఊరుకోవడమూ కుదరదు. కులం ప్రశ్నకు సమాధానంగా రాజు అంగరాజ్యం ఇస్తాడు. కర్ణుడు ఆ రుణం కింద బతుకంతా అమ్ముడుపోతాడు. పైగా అసలు అతను క్షత్రియ స్త్రీ కన్నబిడ్డడేనన్న రహస్యం కథ అడుగున కాచుకునే ఉంది. ప్రశ్న మనది, సమాధానం వాళ్లది. ఇంటింటికీ చేరిన సరుకులో ఈ రెండూ కలిసే ఉన్నాయి. విడదీసి చూపడం విమర్శకుడి పని.

‘శంకరాభరణం’ దగ్గర మన జిల్లావాళ్లం మరికాస్త ఆగాలి. శంకరశాస్త్రి వేషం వేసిన జె.వి. సోమయాజులుది శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం. సినిమాకు ముందు ఆయనా, తమ్ముడు రమణమూర్తీ ఏళ్ల తరబడి ‘కన్యాశుల్కం’ ఆడారు. తమ్ముడు గిరీశం, అన్న రామప్ప పంతులు. అగ్రహారపు కుళ్లును గురజాడ ఎలా చీల్చి చూపాడో ఆ వేషంలో ప్రేక్షకులకు చూపించిన నటుడు, అగ్రహారపు వైభవానికి నిలువెత్తు విగ్రహంగా మన ఇళ్లలోకి వచ్చాడు. శంకరశాస్త్రి డిస్కుగా దొరికాడు. రామప్ప పంతులు ఆ రాత్రి నాటకం చూసినవాళ్ల జ్ఞాపకంలో మిగిలాడు. ఇది సోమయాజులు తప్పు కాదు. నాటకాన్ని అమ్మే పెట్టుబడి లేదు, సినిమాను అమ్మే పెట్టుబడి ఉంది.

ఇద్దరు వేశ్యా కులపు స్త్రీలను కూడా పక్కపక్కన పెట్టి చూడండి. గురజాడ మధురవాణి మాట్లాడుతుంది, వాదిస్తుంది, పెద్దమనుషుల చేత నిజం ఒప్పిస్తుంది. ‘శంకరాభరణం’ తులసి దాదాపు మౌనంగానే ఉంటుంది, కొడుకును శాస్త్రి కళకు అర్పించి ఆయన పాదాల దగ్గర ప్రాణం విడుస్తుంది. సంగీతం గొప్పదే, చిత్రీకరణ శ్రద్ధగలదే. కానీ 1890ల్లో విజయనగరంలో ఉండి గురజాడ ఆ స్త్రీకి ఇచ్చిన నోరును 1980లో మన చిత్రం తీసేసుకుంది. ఆ మౌనాన్ని మనం సంస్కృతి పేరుతో అరలో దాచుకున్నాం.

4

ఇక ఆ అరలో ముందుకు రానివేమిటి? జమీందారీని ఎదిరించిన ‘రైతుబిడ్డ’ (1939) జమీందార్ల ఒత్తిడికి నిషేధం పాలయింది. దాన్ని తీసిన సారథి సంస్థ వెనుక ఉన్నది చల్లపల్లి జమీందారు కావడం ఆ కాలపు వైరుధ్యం. ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా మృణాల్ సేన్ తీసిన ‘ఒక ఊరి కథ’ (1977), తెలంగాణ రైతాంగ పోరాటం మీద వచ్చిన ‘మా భూమి’ (1979) తెలుగు సినిమా గర్వించవలసినవి. 28 రూపాయల డిస్కుల వరుసల్లో నేను వీటిని చూడలేదు. ‘మా భూమి’లో గద్దర్ పాడిన పాట మాత్రం వినని ఊరు లేదు. పార్వతీపురం ప్రాంతపు వంగపండు ప్రసాదరావు పాట కూడా అంతే. ఆర్. నారాయణమూర్తి తీసిన ‘అర్ధరాత్రి స్వతంత్రం’ (1986)లోకి ఎక్కి ఇంటింటా మోగింది. అంటే జనం వీటిని వద్దనలేదు. చెవి దాకా వచ్చినదాన్ని ఆదరించారు. కంటి దాకా రానివ్వనిది అంగడి.

ఎలా రానివ్వదు? నిర్మాత వీడియో హక్కులను ఒక్కసారి గుండుగుత్తగా అమ్మేస్తాడు. కొన్నవాడు వందల చిత్రాలను మూటగట్టి కొంటాడు. అందులో కదిలే పది చిత్రాలనే మళ్లీ మళ్లీ అచ్చువేస్తాడు. మిగిలినవి ఒప్పందం కాగితంలో పేర్లుగా ఉండిపోతాయి. దొరికేదే కొంటారు, కొన్నదే అచ్చవుతుంది, అచ్చయిందే దొరుకుతుంది. ఈ గానుగ చుట్టూ తిరిగిన లెక్కకు ప్రజాభిరుచి అని పేరు పెట్టారు.

ఇప్పుడా గానుగ కూడా ఆగింది. క్యాసెట్టు పోయింది, డిస్కు పోయింది. 28 రూపాయలతో అంగడిని కుదిపిన కంపెనీ 2018లో దివాలా విచారణలో మూతకు ఆదేశం పొందింది. పాత వీడియో సంస్థలు తమ మూటలను యూట్యూబులో విప్పాయి. వెనుక వరుస చిత్రాలు కొన్ని ఇలా మళ్లీ వెలుగు చూస్తున్నాయి. సంతోషమే. కానీ అక్కడ ఉన్నది రేపు తీసేస్తే అడిగే హక్కు మనకు లేదు. డిస్కు అరిగినా మన అరలో ఉండేది. ఇప్పుడు అర కూడా వాళ్లదే.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం తెరిచారు. ఏ కథ ఎక్కువ అమ్ముడుపోయిందని ఆయన అడగలేదు. అచ్చయిన ప్రతి కథా చోటు చేసుకోదగ్గదే అనుకున్నారు. పత్రికల పాత సంచికల్లో పడి ఉన్నవాటిని ఏరి తెచ్చారు. తెలుగు కథకు ఈ జిల్లా చేసిన పనిని తెలుగు సినిమాకు ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు చేయాలి. కాపీలు వెతకాలి, సంభాషణల ప్రతులు సేకరించాలి, నాటకాలు ఆడినవాళ్ల దగ్గర ఫొటోలూ టేపులూ ఉంటే అడిగి తీసుకోవాలి. రచయితల సంఘాలు సభలు పెట్టగలిగితే ఈ పనీ చేయగలవు. సాహిత్య విద్యార్థులు తమ ఊళ్లోనే మొదలుపెట్టవచ్చు. మూతపడిన వీడియో దుకాణం అటక మీద ఏముందో చూడడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు.