పాత పికప్, పదహారేళ్ల చేతులు

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పదహారేళ్లకే డ్రైవింగ్ లైసెన్సు వస్తుంది. ఆ వయసు దగ్గరపడుతున్న కొడుక్కో కూతురికో కొత్త కారు కొనివ్వకుండా, ఏ పొలంలోనో తుప్పుపట్టి పడున్న పికప్‌ను ఇంటికి లాక్కొచ్చి ఇద్దరూ కలిసి బాగుచేసుకునే అలవాటు అక్కడి పల్లెల్లో, చిన్న ఊళ్లలో ఉంది. ఇలాంటి పనికి బాగా గిరాకీ ఉన్న బండి షెవర్లే 3100. అందులోనూ 1947 నుంచి 1955 దాకా వచ్చిన తరం అరటన్ను ట్రక్కు.

ఈ బండే ఎందుకంటే, బానెట్ ఎత్తితే దాచుకున్నదేమీ ఉండదు. వరసగా ఆరు సిలిండర్లు, ఒక కార్బ్యురేటర్, ఒక డిస్ట్రిబ్యూటర్, 6 వోల్టుల బ్యాటరీ. స్టార్టరుకు కాలితో తొక్కే పెడల్. పెట్రోలు ఎటు నుంచి వస్తుందో, స్పార్కు ఎక్కడికి పోతుందో వేలుపెట్టి చూపించొచ్చు. ఇప్పటి బండ్లలో తండ్రికే సగం అర్థం కాదు, ఇక పిల్లలకేం చెబుతాడు?

విప్పడంలోనే సగం విద్య ఉంది. విప్పే ముందు ప్రతిదీ ఫోటో తీయాలి, బోల్టులను చీటీ రాసిన సంచుల్లో వేయాలి. తుప్పుతో బిగుసుకున్న నట్టు మీద బలం చూపిస్తే విరిగిపోతుంది. తుప్పు వదిలించే నూనె రాత్రంతా నాననిచ్చి, ముందు కాస్త బిగువు వైపు తిప్పి, ఆ తర్వాత వదులు చేయాలి. పట్టేసిన ఇంజిన్‌కూ ఓపికే మందు. ప్లగ్గులు తీసి సిలిండర్లలో ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్, అసిటోన్ కలిపి పోసి, రోజుల తరబడి వదిలేసి, చేత్తో తిప్పి చూడాలి. తొందరపడి స్టార్టరు తొక్కితే పిస్టన్లకే ముప్పు. 1953 దాకా ఈ పికప్‌లకు వచ్చిన 216 ఘనపు అంగుళాల ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్లకు మార్చుకునే బేరింగులుండవు. రాడ్డులోనే మెత్తటి బాబిట్ లోహం పోసి ఉంటుంది. పల్చటి రేకు ముక్కలు తీస్తూ పెడుతూ దాని సందు సరిచేయాలి. ఈ పని తెలిసినవాళ్లు అక్కడా తగ్గిపోతున్నారు.

నా దృష్టిలో అసలు పాఠం టింకరింగులో ఉంది. క్యాబిన్ వెనక మూలలు, కాళ్ల కింది రేకు మొదట పోతాయి. తుప్పుపట్టినంత మేరా కోసేసి, అట్టముక్కతో కొలత తీసి, కొత్త రేకు అతకాలి. వెల్డింగు ఒకే గీతలా లాగితే వేడికి రేకు వంకర పోతుంది. అందుకే ఇక్కడో చుక్క, అక్కడో చుక్క వేసి, చల్లారనిచ్చి, మధ్య సందులు నింపుకుంటూ పోవాలి. తర్వాత పల్చగా పుట్టీ, ప్రైమరు. దానిమీద నల్ల రంగు మంచులా చల్లి, పొడుగాటి చెక్కకు చుట్టిన ఉప్పుకాగితంతో రుద్దాలి. నలుపు ఎక్కడ మిగిలితే అక్కడ పల్లం ఉన్నట్టు. కంటికి నున్నగా కనిపించిన తలుపు ఈ పరీక్షలో మచ్చలమయమై తేలుతుంది. కుర్రాడు "చాల్లే నాన్నా" అనేది ఇక్కడే. తండ్రి నోరుమూసుకోవాల్సిందీ ఇక్కడే. పానా లాక్కుని తనే చేసేస్తే బండి త్వరగా పూర్తవుతుంది, కానీ అది నాన్న బండిగానే మిగిలిపోతుంది.

లాభం కోసమైతే ఈ పని పెట్టుకోవద్దు. విడిభాగాలు కొత్తగా తయారై దొరుకుతున్నాయి గానీ రంగు, క్రోమ్, సీటు కలిసేసరికి ఖర్చు బండి విలువను దాటేయడం మామూలే. అన్నీ ఫ్యాక్టరీలో వచ్చినట్టే ఉండాలని పట్టుబట్టే శుద్ధవాదులూ ఉన్నారు. ప్రదర్శనలో పెట్టే బండికి ఆ పట్టింపు బాగుంటుంది. పదహారేళ్ల పిల్లలు నడిపే బండికి మాత్రం నేను ఒప్పుకోను. ఇందులో బ్రేకులకు ఒకే మాస్టర్ సిలిండర్, ఒకే మార్గం. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. సీటు బెల్టులు అసలే లేవు.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో గ్యారేజీలో చోటున్న మనవాళ్లెవరికైనా ఈ ముచ్చట పుడితే, కొనేముందు టైటిల్ కాగితం మీది నంబరూ డ్రైవరు తలుపు స్తంభం మీది పలకలోని నంబరూ ఒకటేనా చూసుకోండి. జాకీని నమ్మి బండి కిందికి దూరవద్దు, స్టాండ్లు పెట్టండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది కాబట్టి ఆ దుమ్మును గాలితో ఊదవద్దు. రంగు సంగతి తర్వాత చూడొచ్చు, ముందు రెండు మార్గాల మాస్టర్ సిలిండర్, సీటు బెల్టులు పెట్టించండి.